పెద్దది వద్దంటే వద్దు

మేడ మీద గది,
ఆదివారం మధ్యాహ్నం

తమ్ముడికి,

అక్క రాస్తున్నది. మోకాళ్లు తప్ప మిగతా అంతా క్షేమమే. ఫోను చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటే, ఫోనులో మనిద్దరం రెండో నిమిషానికి పోట్లాడుకుంటాం, మూడో నిమిషానికి ఎవరో ఒకరం పెట్టేస్తాం. కాగితం మీదైతే నువ్వు నా మాటకి అడ్డు రాలేవు.

మేనత్త పోయి పది నెలలైంది. ఆవిడ రాసిపెట్టిన కాగితం ప్లీడరుగారు చదివిన రోజు నాకింకా కళ్లముందే ఉంది. తన కుట్టుమిషన్ల షెడ్డు అమ్మగా వచ్చినదంతా పిల్లల్ని చూసుకునే ఒక్క చోటికే ఇవ్వాలి. ముక్కలు చెయ్యకూడదు. మనిద్దరి సంతకాలూ ఉండాలి. ఏడాదిలో తేల్చకపోతే కోర్టు తేలుస్తుంది, అంటే మన మనవలు తేలుస్తారు. ఆ కింద ఆవిడే తన వంకర అక్షరాలతో ఇంకో ముక్క చేర్చింది: "పెద్దది వద్దంటే వద్దు."

బతికున్నన్నాళ్లూ నన్ను ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. అమ్మ పోయాక నిన్ను ఒళ్లో పెట్టుకుని పెంచింది, నన్ను మాత్రం ఎనిమిదో ఏట హాస్టలు గేటు దాటించారు. ఇన్నాళ్లకి, పోతూ పోతూ నా మాట కావాల్సి వచ్చింది కాబోలు. సరే, మనిషి మీద కోపం పిల్లల మీద చూపించకూడదని చెప్పుల్లో కాళ్లు పెట్టాను. మూడు చోట్లు చూసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

మొదటి చోట గాజు తలుపులు. వాటి వెనక ఒక పెద్దమనిషి నన్ను చూడగానే "ఫలకం నల్లరాతి మీద వేయించమంటారా, తెల్లరాతి మీదా?" అన్నాడు. ఇంకా నేను కూర్చోనైనా లేదు. పడకల గది చూపించమన్నాను. ముప్పై ఒక్కేళ్లు ఆసుపత్రి లాండ్రీ నడిపినదాన్ని, నాకు మనుషుల మాటలతో పని లేదు, దుప్పట్లు చాలు. మంచాల మీద దుప్పట్లు కత్తుల్లా మడతపెట్టి ఉన్నాయి. ముట్టుకుంటే గరగరలాడాయి, ముక్కు దగ్గర పెట్టుకుంటే దుకాణం వాసన. ఒక్క ఉతుకూ పడలేదు, అంటే ఒక్క పిల్లా కప్పుకోలేదు. మరి పిల్లలు ఎక్కడ పడుకుంటున్నారయ్యా అంటే "ఆ బ్లాకు రిపేరులో ఉందండీ" అని నసిగాడు. పైన పటారం, లోన లొటారం.

రెండో చోట నలభై మంది పిల్లల్ని వరసలో నిలబెట్టి స్వాగతం పాట ఎత్తించారు. మొదటి చరణం కాకుండానే లేచి వచ్చేశాను. ఎందుకని అడక్కు.

మూడోది బస్సు డిపో వెనక సందులో చిన్న ఇల్లు. అక్కడ దుప్పట్ల దాకా కూడా పోలేదు వ్యవహారం. తలుపు సగం తీసి ఒకావిడ, మోచేతుల దాకా సబ్బు నురగ, "పిల్లలు పడుకున్నారు, మూడింటికి రండి" అంది. విరాళం ఇవ్వడానికి వచ్చానమ్మా అన్నాను. "అయితే మూడున్నరకి రండి, లేచాక అరగంట దాకా వాళ్లు మనుషుల్లో ఉండరు" అని తలుపేసింది! ఎండలో మెట్ల మీద గంటసేపు కూర్చున్నాను. ఇంతలో కిటికీలోంచి ఒక పిల్ల తల బయట పెట్టి "నువ్వెవరు? ఎందుకొచ్చావ్?" అంది. నమస్కారమా, పాడా. సాయం చేద్దామని వచ్చానన్నాను. "అయితే నా జడ విప్పు, చిక్కు పడింది" అని వీపు తిప్పింది. అరవై రెండేళ్ల మనిషినిరా నేను! లేచి వచ్చేశాను. మర్యాద నేర్పని చోట మన రూపాయి ఎందుకు? దాన్నీ కొట్టేశాను.

అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు, ఎంత తేలికో అన్నట్టు. ఆ అల్లుణ్ణి ఒక్కసారి పిలిచి అడగాలనుంది, ఎలా చేశావురా నాయనా అని.

నీ వైపు ఏం చూశావో రాయి. మరదల్ని అడిగినట్టు చెప్పు.

అక్క


లిఫ్టు మిషను గది, పన్నెండో అంతస్తు మీద,
గురువారం, భోజనం వేళ

అక్కకి,

నమస్కారాలు. నీ ఉత్తరం నీ మరదలు పైకి చదివింది. జడ దగ్గర నేను నవ్వేశాను. నువ్వు తిట్టుకుంటావని తెలిసే రాస్తున్నాను, దాస్తే ఎలాగూ అదే చెప్పేస్తుంది.

నేనూ ఊరికే కూర్చోలేదు. నడవలేని పిల్లల కోసమని ఒక పెద్ద భవనం ఉంటే వెళ్లాను. నాలుగంతస్తులు, మంచి లిఫ్టు, లిఫ్టులు బాగుచేసేవాణ్ణి కదా, నా చేతులు దురద పెట్టేంత మంచి లిఫ్టు. ఎక్కి చూస్తే మూడో అంతస్తు బటను మీద టేపు అంటించి ఉంది. పిల్లలు ఉండేదే ఆ అంతస్తు. "కరెంటు ఆదా అండీ, పిల్లలు ఊరికే ఎక్కి దిగుతుంటారు" అన్నాడు మేనేజరు. ఆయన ఆఫీసు నాలుగో అంతస్తు, అక్కడికి మాత్రం ఝామ్మని పోతుంది. వచ్చేటప్పుడు ఆ టేపు పీకి జేబులో పెట్టుకుని వచ్చాను. అంతకు మించి ఏం చెయ్యాలో తోచలేదు.

ఇంకోచోటి నుంచి రోజుకి మూడుసార్లు ఫోను చేస్తున్నారు. "అన్నయ్యా, పిల్లలు మీ కోసం ఎదురుచూస్తున్నారు" అంటుంది ఒకమ్మాయి. నిన్న లిఫ్టు గుంటలో నడుం దాకా దిగి ఉన్నప్పుడు చేసింది. నేను బయటికి రావాలని ఎదురుచూసే పిల్లలు నాకూ ఉన్నారమ్మా అన్నాను.

అయినా అక్కా, ఒక మాట అంటాను, కోప్పడకు. నువ్వు పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్లు. ఒకరు మరీ మర్యాద చేస్తే దొంగలంటావు, ఒకరు మర్యాద చెయ్యకపోతే మొరటువాళ్లంటావు. దేవుడే వచ్చి అనాథాశ్రమం పెట్టినా ముందు ఆయన దుప్పటి వాసన చూస్తావు. ఇలా అయితే ఏడాది కాదు కదా, ఏలినాటి శని పూర్తయినా తేలదు.

నా మనసులో ఒక చోటు ఉంది. నీకు బాగా తెలిసిన చోటే. నువ్వు కాస్త చల్లబడ్డాక చెప్తాను.

అత్త కుట్టు మిషను మా ఇంట్లోనే ఉంచాం. షెడ్డుతో పాటు మిగతావి పోయినా, ఆ ఒక్కటీ అమ్మబుద్ధి కాలేదు. మొన్న సొరుగులు దులిపితే బొత్తాలు, అరిగిన సుద్దముక్కలు, ఏవో పాత కాగితాలు కనిపించాయి.

నీ తమ్ముడు


మేడ మీద గది,
సోమవారం

తమ్ముడికి,

నేను చల్లబడాలంటే నీ ఉత్తరంలో కాస్త సరుకు ఉండాలి. "నీకు బాగా తెలిసిన చోటే" అని ఊరించి వదిలేస్తే మనిషి చల్లబడుతుందా, మండుతుందా? చిన్నప్పటి నుంచీ అంతే నువ్వు. పళ్లెంలోది తినేసి, పళ్లెం ఎక్కడ పెట్టావో మాత్రం చెప్పవు.

ఇంకో రెండు చోట్లు చూశాను. ఒకచోట గోడ నిండా ఫోటోలు. ప్రతి ఫోటోలోనూ ఎవరో ఒకరు పిల్ల చేతికి ఒక పెన్సిలు ఇస్తుంటారు, పిల్ల ఏడుపు మొహం పెట్టుకుని కెమేరా వైపు చూస్తుంటుంది. దగ్గరికెళ్లి చూస్తే అన్నిట్లోనూ అదే పెన్సిలురా. ఇంకోచోట మీరు ఒక పిల్లని ఎంచుకోండి అని ఆల్బం చేతికిచ్చారు. పెళ్లి సంబంధాల వాళ్లు చూపించినట్టు, ఎత్తూ రంగూ వయసూ కింద రాసి ఉన్నాయి. నేను తిప్పను, నాకొద్దు అన్నాను. "నెలనెలా ఆ పిల్ల చేత మీకు ఉత్తరం రాయిస్తామండీ" అంది ఆవిడ, అదేదో తీపి తాయిలం అయినట్టు. ఆల్బం ఆవిడ ఒళ్లోనే పెట్టేసి వచ్చాను.

ఏ చోటో రాయి. ఆ కాగితాలేమిటో కూడా రాయి. మాటలు నానబెట్టకు.

అక్క


ఇంట్లో,
శుక్రవారం

అక్కకి,

రాస్తున్నాను. రాసేశాక ఇక ఫోను తియ్యను, ముందే చెప్తున్నాను.

నేను చెప్పిన చోటు నీ హాస్టలే. నువ్వు ఎనిమిదేళ్లు ఉన్నదే. పోయిన వారం సెలవు పెట్టి వెళ్లాను. ఇప్పుడు చాలా మారిపోయింది. వేణ్నీళ్లున్నాయి, మంచాలున్నాయి, పెద్ద హాలు ఉంది. వార్డెనుగారు కుర్చీ వేసి కూర్చోబెట్టి, మా అక్క ఇక్కడే చదువుకుందని చెప్పగానే లేచి నిలబడ్డారు. అక్కా, నేను మాట ఇచ్చేశాను. నా సంతకం పెట్టేశాను. కొత్త హాలుకి అత్త పేరు పెడతామన్నారు. నీ సంతకం ఒక్కటే మిగిలింది.

నన్ను తిట్టే ముందు ఒక్కటి ఆలోచించు. పరాయివాళ్ల చోట్లన్నీ మనం బయటి నుంచి చూస్తున్నాం, ఎవరు దొంగో ఎవరు దొరో తెలియదు. లోపల నుంచి తెలిసిన చోటు మనకి ఇదొక్కటే. నువ్వు అక్కడ కడుపునిండా తిన్నావు, వెచ్చగా పడుకున్నావు, సంతోషంగా ఉన్నావు. ఈ సంగతి ఎవరో చెబితే నేను నమ్మను. నువ్వే చెప్పావు కనక నమ్ముతున్నాను. నీ చేతిరాతలోనే చూశాను. ఎక్కడ, ఎలా అని మాత్రం అడక్కు, నేనొకరికి మాట ఇచ్చాను.

నీ తమ్ముడు


మేడ మీద గది,
ఆదివారం పొద్దున్నే

ఒరేయ్,

ఈ ఊళ్లో ఉన్నావు కాదు, బతికిపోయావు.

నేను సంతోషంగా ఉన్నానా? నేను? ఎవర్ని అడిగి సంతకం పెట్టావు? ఇన్నేళ్లలో ఒక్కనాడైనా "అక్కా, అక్కడెలా ఉండేది?" అని అడిగావా? అడిగి ఉంటే ఇంత కాగితం దండగయ్యేది కాదు.

నా చేతిరాత నువ్వు ఎక్కడ చూశావో నాకు తెలియదు. కానీ ఏం రాసి ఉంటుందో చెప్పనా? ఇక్కడ కూర్చునే చెప్తాను. "గౌరవనీయులైన దాతగారికి. మేమిక్కడ సంతోషంగా ఉన్నాము. మీరు పంపిన దుప్పటి వెచ్చగా ఉంది. కడుపునిండా తింటున్నాము. మీ మేలు మరువము." అంతేనా? అక్షరం తేడా ఉందా? ఏడాదికి రెండుసార్లు టీచరు బోర్డు మీద రాసేది, నలభై మందిమీ ఎక్కించుకునేవాళ్లం. దాత దొరికితేనే సీటు, ఎవరూ లేని పిల్లలకే సీటు. నాకెవరూ లేరని నాన్న స్వయంగా చెప్పి చేర్చాడు. అందుకని ఒక్క ఆదివారం కూడా నా కోసం ఎవరూ రాలేదు. ఎవరో ముక్కూమొహం తెలియని దాత జాలిపడ్డాడు కాబట్టి బతికాను. దాతల రోజున మా చేత పాటలు పాడించేవాళ్లు. తల వంచుకుని పాడాలి, దాతల మొహంలోకి చూడకూడదు, పొగరనుకుంటారట. ఆ పాట నాకింకా వచ్చు. అందుకే ఆ రోజు లేచి వచ్చేశాను. అడక్కు అన్నాను కదా, ఇప్పుడు అడక్కుండానే చెప్తున్నాను.

దుప్పటి సంగతి చెప్పనా? దాని గుండా దీపం కనిపించేది. అది వెచ్చగా ఉందని పదహారుసార్లు రాశాను. ఆసుపత్రిలో ముప్పై ఒక్కేళ్లు పల్చబడ్డ దుప్పటి ఒక్కటి వార్డుకి పోనివ్వలేదు. స్టోరు వాళ్లు నన్ను తిట్టుకోని రోజు లేదు. నేనింత చాదస్తం మనిషిని ఎందుకయ్యానో నీకు తెలుస్తుందని రాస్తున్నాను.

ఇంకొకటి కూడా చెప్తాను, ఇది పుట్టి బుద్ధెరిగి ఎవరికీ చెప్పలేదు. మొదటిసారి రాయించినప్పుడు బోర్డు మీద ఉన్నదంతా ఉన్నట్టు రాయమంది టీచరు. చివర్లో "ఇట్లు" అని, దాని కింద "ఇక్కడ నీ పేరు రాయాలి" అని ఉంది. నేను ఉన్నదున్నట్టే రాశాను. "ఇట్లు, ఇక్కడ నీ పేరు రాయాలి." టీచరు చూసుకోలేదు, మడిచి కవర్లో పెట్టేసింది. ఆర్నెల్ల తర్వాత రెండోసారి రాసేటప్పుడు పక్కపిల్ల తన పేరు రాసుకోవడం చూస్తే గానీ నా తప్పు నాకు తెలియలేదు. పేరు రాయడం కూడా రాని మొద్దుకి ఎందుకు పెట్టాలని ఆ దాత మానేస్తాడేమోనని ఎన్నో రోజులు ముద్ద దిగలేదు. మానెయ్యలేదు. చదివి నవ్వుకుని ఉంటాడు, లేకపోతే అసలు చదివే ఉండడు.

ఆ చోటికి ఇస్తావా? హాలు కట్టించి, అందులో ఇంకో నలభై మందిని తల వంచుకుని నిలబెట్టడానికా? నేను సంతకం పెట్టను. మీ అత్తే రాసిందిగా, పెద్దది వద్దంటే వద్దు. వద్దు. వద్దు. ఇంకోసారి రాయమంటావా?

అక్క


ఇంట్లో, అత్త మిషను ముందు,
బుధవారం

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు పనికి పోలేదు. ఇప్పుడు నేను ఇచ్చిన మాట తప్పుతున్నాను. తప్పకపోతే నీకు ఇంకా పెద్ద తప్పు చేసినవాణ్ణవుతాను.

ఆ దాత అత్తే.

ఆసుపత్రిలో ఆఖరి వారం నాతో చెప్పింది. మన ఒంటి గదిలో ఇద్దరు పిల్లల్ని పెట్టుకోలేక, నాన్నకి పని లేక, ఆ హాస్టలు సంగతి తెలిసిందట. ఎవరూ లేని పిల్లలకే సీటు, దాత ఉంటేనే సీటు. అందుకని నాన్న నీకెవరూ లేరని చెప్పాడు, అత్త ఎవరో పరాయి మనిషిలా వెళ్లి నీకు దాతగా రాయించుకుంది. చుట్టమని తెలిస్తే సీటు తీసేస్తారని ఒక్క ఆదివారం కూడా గేటు దగ్గరికి రాలేదు. నాకు గుర్తున్నదల్లా ఇంటి నిండా యూనిఫారాల గుట్టలు, పొద్దున నేను లేచేసరికి మిషను చప్పుడు. ఆ చప్పుడు ఎవరి కోసమో నాకు అప్పుడు తెలియదు.

పెద్దయ్యాకైనా అక్కకి ఎందుకు చెప్పలేదు అని అడిగాను. "చెబితే నాకు కూడా దణ్ణం పెట్టాల్సొస్తుందిరా దానికి. ఎనిమిదేళ్లు పెట్టింది చాలదూ? నా మీద కోపంగా ఉండనీ, అదే నయం" అంది. నువ్వూ చెప్పకు అని చేతిలో చెయ్యి వేయించుకుంది. ఆవిడ అన్నదేమిటో ఆ రోజు నాకు బోధపడలేదు.

సొరుగులో కాగితాలన్నానే, అవి నీ ఉత్తరాలు. ఆవిడ పోయాక దొరికాయి. పైన రెండు చదివి, మా అక్క ఎంత బాగుందో అనుకుని, కళ్లనీళ్లు పెట్టుకుని మూసేశాను. మిగతావి కూడా తీసి చూసి ఉంటే నేను ఇంత మూర్ఖుణ్ణయ్యేవాణ్ణి కాదు. నీ ఉత్తరం వచ్చాక కట్ట విప్పి అన్నీ పరిచాను. అన్నిట్లోనూ అవే నాలుగు ముక్కలు. తేడా అల్లా అక్షరాలు ఏటేటా చిన్నవవుతూ వచ్చాయి.

లెక్కపెడితే పదిహేనే ఉన్నాయి. నువ్వు పదహారన్నావు. ఇల్లంతా వెతికాను. మిషను దారం చుట్టే బాబిన్ల డబ్బాలో, అట్టముక్క అడుగున దొరికింది. అక్కా, అది మొదటిది. ఇంతింత అక్షరాలు. చివర "ఇట్లు, ఇక్కడ నీ పేరు రాయాలి."

ఆవిడ చదివింది అక్కా. నవ్వుకోలేదు. దాన్ని ఎన్నిసార్లు విప్పి మడిచిందో, మడత దగ్గర కాగితం అరిగి రెండు ముక్కలైంది. ఆ రెండు ముక్కల్నీ కలిపి మిషను మీద సన్నగా కుట్టేసింది. తెల్ల దారం. అది బోర్డు చూసి రాసినదని ఆ చివరి ముక్కతో ఆవిడకి తెలిసిపోయి ఉంటుంది. సంతోషం కూడా బోర్డు మీదిదేనని తెలిసిపోయి ఉంటుంది. తెలిసీ ఏం చెయ్యలేక, మళ్లీ మిషను తొక్కుకుంది.

ఒకే ఒక్కసారి వచ్చిందట, దాతల రోజున. రెండో వరసలో కూర్చుందట. పాట సగంలోనే లేచి వచ్చేశానంది. "అది తల ఎత్తలేదురా" అంది. ఇంతే చెప్పి గోడ వైపు తిరిగి పడుకుంది.

నిన్న హాస్టలుకి వెళ్లి నా సంతకం వెనక్కి తీసుకున్నాను. వార్డెనుగారు ఈసారి కుర్చీ వెయ్యలేదు. ప్లీడరుగారు నన్ను చిన్నపిల్లాణ్ణి చూసినట్టు చూశారు. అన్నీ పడ్డాను.

ఆ ఉత్తరం పంపమంటే పంపుతాను. పోస్టులో వెయ్యాలంటే భయంగా ఉంది. ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదన్నావు. నిజం. ఇప్పుడు అడుగుతున్నాను, అక్కడెలా ఉండేది అక్కా?

నీ తమ్ముడు


ఇంట్లో,
శనివారం

అక్కకి,

ఐదు వారాలైంది. నువ్వు రాయలేదు, ఫోనూ తియ్యలేదు. నీ మరదలు చేసినా తియ్యలేదట. క్షేమంగా ఉన్నానని ఒక్క ముక్క రాస్తే చాలు. డబ్బు కోర్టుకి పోతే పోనీ.

తమ్ముడు


మేడ మీద గది,
మంగళవారం

తమ్ముడికి,

క్షేమంగానే ఉన్నాను. కోపం తగ్గిందా అంటే తగ్గలేదు. ఎవరి మీద పెట్టాలో తెలియక ఇన్నాళ్లూ నా దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను. యాభై ఏళ్లు ఒకే మనిషి మీద మోపిన బరువు, ఇప్పుడు ఆవిడ మీద మోపడానికి లేదంటే ఎక్కడ దించుకోవాలిరా? చావు రోజున గుమ్మం దగ్గరే నిలబడి వచ్చేశాను, లోపలికి కూడా రాలేదు. ఆ ముసలావిడకి నోరు లేదా? ఒక్క మాట చెప్పి ఏడవకూడదా? ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్లం. నన్ను దణ్ణాల నుంచి తప్పించింది సరే, తనని నా నుంచి తప్పించుకుంది. నేను దీన్ని క్షమించను. ప్రేమించడానికి అది అడ్డం కాదనుకో.

గడువుకి ఇంకా పదకొండు రోజులున్నాయి. సంతకం పెట్టిన కాగితం ఇందులో ఉంది, నీదీ పెట్టి ప్లీడరుగారికి ఇవ్వు. డిపో వెనక సందులో ఇల్లు. నవ్వకు.

మొన్న మళ్లీ వెళ్లాను. ఈసారి మూడున్నరకే వెళ్లాను. మెట్ల మీద కూర్చోగానే నాకే సిగ్గేసింది. ఊరంతా తిరిగి, పిల్లల చేత దణ్ణాలు పెట్టించారని ఒక్కొక్క చోటునీ తిట్టుకుంటూ వచ్చానా? దణ్ణం పెట్టని ఒక్క చోటు కనపడితే, నాకు దణ్ణం పెట్టలేదని కొట్టేశాను! దాతకి మూడున్నర దాకా తలుపు తియ్యకపోవడం కంటే ఇంకేం కావాలిరా మనకి? అప్పుడు లోపల పిల్లలు నిద్రపోతున్నారు మరి.

ఆ జడ పిల్ల నన్ను గుర్తుపట్టింది. "అప్పుడు విప్పకుండా పారిపోయావ్" అంది. కూర్చుని విప్పాను. ముప్పావుగంట పట్టింది. మధ్యలో మూడుసార్లు "నొప్పి! నీకు చేత కాదు" అని అరిచింది. ఎవరూ దాని నోరు మూయించలేదు.

దుప్పట్లు చూశాను, చూడకుండా ఎలా ఉంటాను. పాతవి, రంగు పోయినవి, నాలుగైదు చోట్ల మాట్లు. కానీ మందంగా ఉన్నాయి, ఎండలో ఆరిన వాసన వస్తోంది. ఒక్కొక్క దాని మూలన ఒక్కో రంగు దారంతో గుర్తు, ఎవరిది వాళ్లకి. సబ్బు నురగావిణ్ణి అడిగాను, మీ పిల్లలు దాతలకి ఉత్తరాలు రాస్తారా అని. "వాళ్ల హోంవర్కే రాసి చావరు, ఇంకా ఉత్తరాలు కూడానా!" అంది. అక్కడికక్కడే నిర్ణయం అయిపోయింది. ఫలకం వద్దని, పేరు వద్దని, పాట అసలే వద్దని కాగితం మీద రాయించాను. "పాడమన్నా వీళ్లకి రాదండీ" అంది ఆవిడ. చోటు మంచిదో కాదో రేపటి సంగతి నాకు తెలియదు, నెలకోసారి మూడున్నరకి వెళ్లి చూస్తుంటాను.

ఆ మొదటి ఉత్తరం పోస్టులో వెయ్యకు. బాబిన్ల డబ్బాలో ఎక్కడిది అక్కడే పెట్టు, వచ్చే వారం నేనే వచ్చి చూస్తాను. అక్కడెలా ఉండేదని అడిగావు కదా, వచ్చినప్పుడు చెప్తాను, నీ ఓపిక. దీంతో పాటు ఇంకో కాగితం మడిచి పెట్టాను. అది నీకు కాదు. నువ్వు చదువుతావని తెలుసు, చదివాక దాన్ని కూడా ఆ డబ్బాలోనే, దాని పక్కన పెట్టు.

అక్క


దాతగారికి,

నేనిక్కడ బాగా లేను. దుప్పటి పల్చగా ఉంది. పక్కమంచం పిల్ల ఏడుస్తుంది. నేను కూడా ఏడుస్తాను కానీ దానికి తెలియనివ్వను. కుడికాలి చెప్పు తెగిపోయింది. అన్నం చాలదు, అడిగితే పొగరంటారు. తమ్ముడు నా కోసం అడుగుతున్నాడా? నా పలక వాడికి ఇచ్చెయ్, విరగ్గొట్టొద్దని చెప్పు. మొదటి ఉత్తరంలో నా పేరు రాయడం మర్చిపోయాను. నాకు పేరు రాయడం వచ్చు.

దాతల రోజున మళ్లీ రా. రెండో వరసలోనే కూర్చో. పాట అయ్యేదాకా ఉండు. ఈసారి తల ఎత్తుతాను.

ఇట్లు,
పెద్దది